ఇమ్యూన్ ప్రోటీన్ మీద ప్రాజెక్టా? క్రిస్టల్, క్రయో-ఈఎమ్, ఎన్ఎంఆర్, ఆల్ఫాఫోల్డ్‌లలో ఏది పట్టుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివే మన పిల్లలు ప్రాజెక్టు టైము దగ్గర పడగానే అడిగేది దాదాపు ఒకటే మాట. "మాస్టారూ, ఇమ్యునాలజీ అంటే ఇష్టం, ప్రోటీన్ స్ట్రక్చర్ మీద చెయ్యాలనుంది, క్రయో-ఈఎమ్ ఉన్న చోటికి వెళ్ళాలా, ఇక్కడే కూర్చుని ఆల్ఫాఫోల్డ్ చేసుకుంటే సరిపోతుందా?" ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు నడిచే మన వైపు ఇలాంటి విషయం తీరిగ్గా తెలుగులో మాట్లాడుకునే అవకాశం తక్కువ. అందుకే కాస్త పొడుగైనా ఫర్వాలేదనుకుని అంతా ఒకచోట రాస్తున్నాను. ప్రోటీన్ ఆకారం (స్ట్రక్చర్) తెలుసుకునే దారులు నాలుగు: స్ఫటికం చేసి ఎక్స్-రేతో చూసే క్రిస్టల్, బాగా చల్లబరిచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే క్రయో-ఈఎమ్, బలమైన అయస్కాంతంలో పెట్టి చూసే ఎన్ఎంఆర్, సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరస) నుంచి ఆకారం అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పద్ధతిని మెషీన్ పేరు చూసి ఎంచుకోకండి, మీ ప్రశ్నను బట్టి ఎంచుకోండి. ఇమ్యూన్ సిగ్నలింగ్‌లో అయితే ఆ ప్రశ్న "ఈ ప్రోటీన్ ఎలా ఉంటుంది" అన్న దగ్గర ఆగిపోకూడదు, "సిగ్నల్ రాకముందు ఎలా ఉంది, వచ్చాక ఏం మారింది, ఎవరొచ్చి ఎవర్ని పట్టుకున్నారు" అన్నదాకా వెళ్ళాలి. ఎందుకంటే ఇక్కడ సిగ్నల్ అంటేనే మార్పు. బస్టాండు ఫోటో ఒకటి చూసి ఏ బస్సు ఎటు కదులుతుందో చెప్పలేనట్టే, ఒక్క స్ట్రక్చర్ చూసి సిగ్నల్ సంగతి తేల్చేయలేం.

ఒక ప్రోటీన్ దగ్గర కాస్త ఆగుదాం

గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా పై పొరలో ఎల్‌పీఎస్ అనే అణువు ఉంటుంది. దాన్ని మన కణాల మీద పసిగట్టేది టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ (సంకేతం అందుకునే ప్రోటీన్), దానికి తోడుగా ఎండీ-2 అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. ఎల్‌పీఎస్‌కి స్పందించని ఎలుకల్లో లోపం టీఎల్ఆర్4 జీన్‌లోనే ఉందని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది, 2011లో ఆయనకి నోబెల్ వచ్చింది ఈ పనికే.

ఈ.కోలై ఎల్‌పీఎస్‌కి ఆరు కొవ్వు తోకలుంటాయి. దక్షిణ కొరియాలో జీ-ఓ లీ ల్యాబ్ 2009లో టీఎల్ఆర్4, ఎండీ-2, ఎల్‌పీఎస్ మూడూ కలిసి ఉన్న క్రిస్టల్ స్ట్రక్చర్ ప్రచురించింది. రిజల్యూషన్ (ఎంత సూక్ష్మంగా కనిపిస్తుందో చెప్పే కొలత) 3.1 ఆంగ్‌స్ట్రామ్, ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ)లో 3ఎఫ్‌ఎక్స్‌ఐ అని వెతికితే దొరుకుతుంది. ఇప్పుడే తెరిచి ఎండీ-2 దగ్గరికి జూమ్ చేసి చూడండి. ఐదు తోకలు ఎండీ-2 గుంటలో లోపలికంటా దిగిపోయి ఉంటాయి. ఆరోది మాత్రం బయట, ఎండీ-2 పైభాగం మీద పడి ఉంటుంది, రెండో టీఎల్ఆర్4 వచ్చి అతుక్కునేది సరిగ్గా అక్కడే. రిసెప్టర్లు రెండూ అలా జతకడితేనే కణం లోపలి భాగాలు దగ్గరపడి, మైడీ88 అనే సిగ్నల్ ప్రోటీన్ వచ్చి చేరి, చివరికి ఇమ్యూన్ జీన్‌లని పని చేయించే ఎన్ఎఫ్-కప్పాబీ కదులుతుంది.

దీని పక్కన ఎరిటోరాన్ అనే మందు పెట్టి చూడండి. దానికి ఉన్నవి నాలుగే తోకలు. 2007లో అదే ల్యాబ్ చూపించిన స్ట్రక్చర్‌లో నాలుగూ గుంటలోనే సర్దుకుపోయాయి, రెండో రిసెప్టర్‌కి పట్టు ఇవ్వడానికి బయట ఏమీ మిగల్లేదు, అందుకే సిగ్నల్ రాదు. ప్లేగు బ్యాక్టీరియా యెర్సినియా పెస్టిస్ కూడా మనిషి ఒంటి వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల దగ్గర, నాలుగు తోకల ఎల్‌పీఎస్ తయారుచేసుకుని మన కాపలా కళ్ళు కప్పుతుంది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు, ఒక కొవ్వు తోక బయట ఉండడం, లోపల ఉండడం మీద ఇంత పెద్ద జబ్బు కథ ఆధారపడి ఉంది. అయితే ఎరిటోరాన్ సెప్సిస్ రోగుల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో మరణాలు తగ్గించలేకపోయింది, అది కూడా గుర్తుపెట్టుకోండి. స్ట్రక్చర్ బాగా తెలిసినంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు.

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి కూడా కాదు. మనలో ఎంతోమంది వేయించుకున్న కొవాక్సిన్‌లో టీఎల్ఆర్7, టీఎల్ఆర్8లను కదిలించే అణువు అడ్జువెంట్‌గా (టీకా పనితనం పెంచే పదార్థంగా) ఉంది. ఆఫ్రికా పిల్లలకి ఇస్తున్న ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకా అడ్జువెంట్‌లో టీఎల్ఆర్4ని కదిలించే ఎంపీఎల్ అనే అణువు ఉంది. మలేరియా గురించి కొరాపుట్, మల్కన్‌గిరి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

క్రిస్టల్: పాతదే, కానీ మొండిది

ఎక్స్-రే క్రిస్టలోగ్రఫీలో ప్రోటీన్‌ని చాలా శుద్ధంగా తీసి, సాధారణంగా మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల దాకా చిక్కబరిచి, 96 గుంటల ప్లేట్లలో రకరకాల ఉప్పులు, పీఈజీలు (ఒక రకం పాలిమర్లు), పీహెచ్‌లతో చిన్న చుక్కలుగా పెట్టి, స్ఫటికం వస్తుందేమోనని ఎదురుచూడాలి. వస్తే అదృష్టం. రాకపోతే ప్రోటీన్ కొసలు కత్తిరించి మళ్ళీ మొదలు. ఎరిటోరాన్ స్ట్రక్చర్ కోసం లీ ల్యాబ్ టీఎల్ఆర్4 ముక్కని హాగ్‌ఫిష్ అనే చేప ప్రోటీన్ ముక్కతో అతికించి మరీ స్ఫటికం చేయాల్సి వచ్చింది. అంత పట్టుదల, అంత మంది మనుషులు, అన్నేళ్ళ నిధులు ఉన్న చోట జరిగే పని అది.

దీని బలం ఏమిటంటే, మంచి స్ఫటికం దొరికితే పరమాణువుల స్థాయిలో అనుమానానికి తావు లేకుండా కనిపిస్తుంది. ఇమ్యునాలజీని మలుపు తిప్పిన పనుల్లో ఒకటి ఇలా వచ్చిందే. 1987లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింజర్ బృందం మన కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే ప్రోటీన్ స్ట్రక్చర్ బయటపెట్టినప్పుడు పైభాగంలో ఒక లోయ, ఆ లోయలో హెచ్‌ఎల్‌ఏకి చెందని ఇంకేదో పదార్థం కనిపించాయి. అదే పెప్టైడ్, అంటే ప్రోటీన్ చిన్న ముక్క, టీ కణాలు చూసేది దాన్నే. ఎవరూ అడగని ప్రశ్నకి కూడా క్రిస్టల్ జవాబు చెప్పిన సందర్భం అది. 2010లో హావో వు బృందం మిడ్డోసోమ్ అనే సిగ్నల్ గుత్తిని చూపించింది కూడా క్రిస్టల్‌తోనే, ఆరు మైడీ88లు, వాటి మీద నాలుగు ఐరాక్4లు, వాటి మీద నాలుగు ఐరాక్2లు మెట్లమెట్లుగా పేర్చినట్టుంటాయి.

బలహీనత కూడా అక్కడే ఉంది. మెంబ్రేన్ (కణం పొర) దాటుకుని ఉండే రిసెప్టర్‌ని సాధారణంగా ముక్కలు చేసి, బయటి ముక్క ఒకటి, లోపలి ముక్క ఒకటి విడివిడిగా స్ఫటికం చేస్తారు. బయట జరిగింది లోపలికి ఎలా చేరిందన్న అసలు ప్రశ్న ఆ రెండు ముక్కల మధ్య జారిపోతుంది. పైగా స్ఫటికంలో ఇరుక్కున్న స్థితి ఒక్కటే మనకి కనిపిస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. ఒక చిన్న, గట్టి డొమైన్, దాంట్లో ఒక మందు అణువు ఎక్కడ కూర్చుందో చూడాలి అన్నది మీ ప్రశ్న అయితే, ఆ ప్రోటీన్ ఇంతకుముందే మీరు వెళ్ళే ల్యాబ్‌లో స్ఫటికం అవుతోంది అంటే, క్రిస్టల్‌కే వెళ్ళండి. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్-రేలు ఇచ్చే యంత్రం) మీద ప్రోటీన్ క్రిస్టలోగ్రఫీ బీమ్‌లైన్ ఉంది, దేశం దాటక్కర్లేదు. అంతేగాని ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకి కొత్త రిసెప్టర్‌ని మొదటినుంచీ స్ఫటికం చేస్తానని ఒప్పుకోకండి. గైడ్ ఎంత ధైర్యం చెప్పినా సరే. చేయి తిరగాలంటే కోడిగుడ్డు తెల్లసొనలో దొరికే లైసోజైమ్ ప్రోటీన్‌తో చేసి చూడండి, ఒకటి రెండు రోజుల్లోనే స్ఫటికాలు కనిపిస్తాయి, ఆ సంతోషం వేరు.

క్రయో-ఈఎమ్: పెద్ద గుత్తులకి ఇదే

3 మిల్లీమీటర్ల గుండ్రటి గ్రిడ్ మీద 3 మైక్రోలీటర్ల ప్రోటీన్ వేసి, అద్దుడు కాగితంతో అదనపు నీరు పీల్చేసి, రెప్పపాటులో ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. నీరు మంచు స్ఫటికాలుగా మారే టైము లేక గాజులా గట్టిపడుతుంది, ప్రోటీన్లు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే ఉండిపోతాయి. తర్వాత లక్షల బొమ్మలు తీసి, ఒకేలా ఉన్నవాటిని కంప్యూటర్‌తో గుంపులుగా విడదీస్తారు. జాక్ దుబోషె, జోకిమ్ ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్‌లకి 2017 నోబెల్ ఇచ్చింది దీనికే.

సిగ్నలింగ్ చదివేవాళ్ళకి ఇందులో నచ్చేది ఆ గుంపుల సంగతే. ఒకే ట్యూబులో తెరుచుకున్న రూపం, మూసుకున్న రూపం రెండూ ఉంటే రెండూ విడివిడిగా బయటపడే అవకాశం ఉంది. స్టింగ్ అనే ప్రోటీన్ చూడండి. కణంలో ఉండకూడని చోట డీఎన్‌ఏ కనిపిస్తే సీగ్యాస్ అనే ఎంజైమ్ సీగ్యాంప్ తయారుచేస్తుంది, అది స్టింగ్‌కి అతుక్కుంటే ఇంటర్‌ఫెరాన్ సిగ్నల్ మొదలవుతుంది. స్టింగ్‌లో లైగాండ్‌ని (అతుక్కునే అణువుని) పట్టే భాగం క్రిస్టల్స్ 2012 నుంచే ఉన్నాయి. కానీ మెంబ్రేన్‌లో ఉండే భాగంతో సహా పూర్తి స్టింగ్‌ని 2019లో క్రయో-ఈఎమ్‌తో చూశాకే అసలు సంగతి తెలిసింది. సీగ్యాంప్ అతుక్కోగానే పైభాగం మొత్తం మెంబ్రేన్ భాగంతో పోలిస్తే 180 డిగ్రీలు తిరుగుతుంది, ఆ తిప్పుడు వల్లే స్టింగ్‌లు పక్కపక్కన చేరి వరస కడతాయి. ముక్కని ఎంత గొప్ప రిజల్యూషన్‌లో చూసినా ఆ తిప్పుడు కనిపించేది కాదు. సైటోకైన్ల (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్ల) సిగ్నల్‌ని కణం లోపలికి అందించే జాక్1 కైనేజ్ అనే ఎంజైమ్ కూడా అంతే, పూర్తి పొడవు స్ట్రక్చర్ కోసం రెండు దశాబ్దాలు ఎదురుచూశారు, 2022లో క్రిస్ గార్సియా ల్యాబ్ క్రయో-ఈఎమ్‌తో దాన్ని సాధించింది. కరోనా స్పైక్ అయితే చెప్పనే అక్కర్లేదు, వైరస్ సీక్వెన్స్ 2020 జనవరిలో బయటికొస్తే ఫిబ్రవరిలోనే జేసన్ మెక్‌లెల్లన్ బృందం స్ట్రక్చర్ ప్రచురించింది.

మరి అందరూ దీనికే వెళ్ళొచ్చు కదా? ప్రోటీన్ చిన్నదైతే కష్టం. సుమారు 50 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు చెప్పే కొలత) కన్నా తక్కువ ఉన్నవాటి బొమ్మలు మసక, వాటిని వరసలో పెట్టడం కంప్యూటర్‌కి తలకు మించిన పని. ఇమ్యునాలజీలో ముఖ్యమైన సైటోకైన్లు చాలావరకు 15, 20 కిలోడాల్టన్ల దగ్గరే ఉంటాయి, వాటిని ఒంటరిగా క్రయో-ఈఎమ్‌కి తీసుకెళ్ళి లాభం లేదు, రిసెప్టర్‌తోనో యాంటీబాడీ ముక్కతోనో కలిపి తీసుకెళ్ళాలి. ఇక మైక్రోస్కోప్ ఖరీదు పదుల కోట్లలో మాట. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ క్యాంపస్‌లో జాతీయ క్రయో-ఈఎమ్ ఫెసిలిటీ ఉంది, బయటివాళ్ళు కూడా అప్లై చేసుకోవచ్చు, కానీ అక్కడికి చేరేసరికి మీ శాంపిల్ సిద్ధంగా ఉండాలి.

ఈ శాంపిల్ విషయమే పిల్లలు పట్టించుకోరు. గ్రిడ్‌కి 3 మైక్రోలీటర్లే కదా అని సులువనుకుంటారు. ప్రోటీన్ గుంపులు కట్టి ఉన్నా, సగం విడిపోయి ఉన్నా ఏ మైక్రోస్కోపూ కాపాడదు. అందుకని మొదట సైజుని బట్టి ప్రోటీన్లని విడదీసే సైజ్-ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద ఒకే ఒక్క శుభ్రమైన పీక్ రావాలి, తర్వాత మామూలు టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) యురేనిల్ ఎసిటేట్‌తో నెగెటివ్ స్టెయిన్ చేసి చూడాలి. మామూలు టీఈఎమ్ దొరకడం అంత కష్టం కాదు, భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్ వైపు అడిగితే ఏదో ఒకచోట స్లాట్ ఇస్తారు. నెగెటివ్ స్టెయిన్‌లో ఒకే సైజు కణాలు విడివిడిగా కనిపిస్తే అప్పుడు పెద్ద మెషీన్ గురించి ఆలోచించండి.

ఎన్ఎంఆర్: తక్కువ మందికి, కానీ వాళ్ళకి వేరే దారి లేదు

దీని గురించి ఎక్కువ రాయను. 25, 30 కిలోడాల్టన్ల లోపు ప్రోటీన్, నీళ్ళలో కరిగి ఉండాలి, నైట్రోజన్-15, కార్బన్-13 కలిపిన మీడియంలో బ్యాక్టీరియాని పెంచి ప్రోటీన్ తీయాలి, ఆ ఐసోటోపులకి డబ్బు బాగానే అవుతుంది. స్థిరమైన ఆకారం లేని తోకలు, వదులుగా పట్టుకునే జతలు, కదలికలు చూడాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. టీ కణం రిసెప్టర్‌కి తోడుండే సీడీ3 ఎప్సిలాన్ లోపలి తోక సిగ్నల్ లేనప్పుడు మెంబ్రేన్‌కి అతుక్కుని, ఫాస్ఫేట్ పడాల్సిన టైరోసిన్లు కొవ్వులోకి దూరి దాక్కుని ఉంటాయని 2008లో చూపించింది ఎన్ఎంఆర్‌తోనే. స్ఫటికంలో అలాంటి తోక కనిపించదు, క్రయో-ఈఎమ్‌లో మసకబారిపోతుంది. మీ ప్రశ్న అలాంటి తోక గురించి అయితే ముంబై టీఐఎఫ్ఆర్‌లోని జాతీయ ఎన్ఎంఆర్ ఫెసిలిటీ లాంటి చోట పనిచేసే గైడ్‌ని వెతుక్కోండి, లేకపోతే దీని జోలికి పోకండి.

ఆల్ఫాఫోల్డ్: అందరికీ అందేది, అందరూ తొందరపడేది

2020 చివర్లో ప్రోటీన్ ఆకారాలు అంచనా వేసే క్యాస్ప్14 పోటీలో ఆల్ఫాఫోల్డ్2 గెలిచినప్పటి నుంచి మనలాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళ పరిస్థితి నిజంగా మారింది, నేను ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. 2022 నుంచి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనాలు డేటాబేస్‌లో ఉచితంగా ఉన్నాయి. రాయగడలో హాస్టల్ గదిలో కూర్చున్న అమ్మాయి, కేంబ్రిడ్జిలో కూర్చున్న ప్రొఫెసర్ ఒకే ఫైలు తెరుస్తున్నారు. ఇంటర్నెట్‌లో ఆల్ఫాఫోల్డ్‌ని నడిపే కోలాబ్‌ఫోల్డ్‌తో మీ సొంత సీక్వెన్స్ పెట్టుకోవచ్చు, ఆల్ఫాఫోల్డ్ 3 సర్వర్‌లో రెండు మూడు ప్రోటీన్లు కలిపి, డీఎన్‌ఏతో కలిపి చూడొచ్చు. డెమిస్ హసాబిస్, జాన్ జంపర్, డేవిడ్ బేకర్‌లకి 2024 కెమిస్ట్రీ నోబెల్ వచ్చిందీ ఈ రంగంలోనే.

కానీ రంగులు చూడడం నేర్చుకోకుండా బొమ్మ చూసి థీసిస్ రాయొద్దు. ముదురు నీలం అంటే పీఎల్‌డీడీటీ (అంచనాని ఎంత నమ్మొచ్చో చెప్పే స్కోరు) 90 పైన, నమ్మొచ్చు. 70 నుంచి 90 వరకు వెన్నెముక ఆకారం సరే. 50 కింద నారింజ రంగులో గాల్లో వేలాడే దారాలుంటాయి చూడండి, అవి ఆకారం కాదు, అక్కడ స్థిరమైన ఆకారమే లేకపోయే అవకాశం ఎక్కువ. ఇంకోటి పీఏఈ అనే చదరపు పటం. టీఎల్ఆర్4 లాంటి రిసెప్టర్‌లో బయటి భాగం, లోపలి టీఐఆర్ భాగం విడివిడిగా నీలంగానే ఉండొచ్చు, కానీ ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయన్నది ఎంతవరకు నమ్మొచ్చో ఆ పటమే చెబుతుంది. అక్కడ లెక్క బాగోలేకపోతే ఆ రెంటి మధ్య దూరం కొలిచి గ్రాఫు గీయడం శుద్ధ దండగ. రెండు ప్రోటీన్ల జత అయితే ఐపీటీఎమ్ (జత అంచనాకి ఇచ్చే స్కోరు) చూడండి, 0.8 పైన ధైర్యంగా ఉండొచ్చు, 0.6 కింద వదిలేయండి, మధ్యలో ఉంటే ప్రయోగం చేయాల్సిందే.

పెద్ద పొరపాటు జరిగేది మ్యుటేషన్ల దగ్గర. బ్యూట్లర్ ఎలుకల్లో టీఎల్ఆర్4 712వ స్థానంలో ప్రోలిన్ పోయి హిస్టిడిన్ వచ్చింది, ఒకే ఒక్క అక్షరం మార్పు, ఎల్‌పీఎస్‌కి స్పందన పూర్తిగా పోయింది. అలాంటి మార్పునే టీఎల్ఆర్2 టీఐఆర్ భాగంలో పెట్టి 2000లో క్రిస్టల్ తీస్తే ఆకారం దాదాపు అలాగే ఉంది. ఆకారం చెడలేదు, సిగ్నల్ చచ్చిపోయింది! ఇలాంటి మార్పుని ఆల్ఫాఫోల్డ్‌లో పెడితే రెండు బొమ్మలూ ఒకేలా వస్తాయి, అది చూసి "ఈ మ్యుటేషన్ వల్ల ఏ ప్రభావమూ లేదు" అని రాసేస్తే తప్పు. అది ఆ ప్రోగ్రామ్ జవాబు చెప్పగలిగిన ప్రశ్నే కాదు. అలాగే సిగ్నల్ ముందు, తర్వాత రెండు రూపాలున్న స్టింగ్ లాంటి ప్రోటీన్‌కి అది చాలాసార్లు ఒకే రూపం చూపిస్తుంది. టీ కణం రిసెప్టర్ ఏ పెప్టైడ్‌ని పట్టుకుంటుంది, యాంటీబాడీ ఎక్కడ అతుక్కుంటుంది అన్నవి ఇప్పటికీ దానికి కష్టమైన ప్రశ్నలే.

ప్రయోగం తోడు లేకపోతే

నా దృష్టిలో మన వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అన్నిటికంటే మంచి దారి ఒకటుంది. పీడీబీలో ఉన్న స్ట్రక్చర్‌నో ఆల్ఫాఫోల్డ్ అంచనానో ఆధారంగా పెట్టుకుని, ఏ రెండు మూడు అమైనో ఆమ్లాలు కీలకమో ముందే ఊహించి రాసుకుని, వాటిని మార్చి, ల్యాబులో పెంచే హెచ్‌ఈకే293 అనే మనిషి కణాల్లో పెట్టి, ఎన్ఎఫ్-కప్పాబీ లూసిఫెరేజ్ రిపోర్టర్‌తో (సిగ్నల్ వస్తే వెలుగునిచ్చే పరీక్షతో) సిగ్నల్ కొలవడం. ఈ కణాల్లో టీఎల్ఆర్4 సొంతంగా ఉండదు కాబట్టి మీరు పెట్టిందే పనిచేస్తుంది, కొలతలో గందరగోళం తక్కువ. ఎండీ-2 కూడా కలిపి పెట్టడం మర్చిపోవద్దు, అది లేకుండా ఎల్‌పీఎస్‌కి స్పందన రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఈ.కోలైలో తీసిన ప్రోటీన్‌తో పాటు ఎల్‌పీఎస్ కూడా అంటుకుని వస్తుంది. మీరు కొత్త ప్రోటీన్ ఏదో మాక్రోఫేజ్‌లనే ఇమ్యూన్ కణాల మీద వేస్తారు, టీఎన్ఎఫ్ అనే సైటోకైన్ జోరుగా పెరుగుతుంది, కొత్త ఇమ్యూన్ అణువు దొరికిందని సంబరపడతారు, తీరా చూస్తే పనిచేసింది అందులోని ఎల్‌పీఎస్. మీ ప్రోటీన్‌ని మరిగించి మళ్ళీ వేసి చూడండి. ఎల్‌పీఎస్ వేడికి అంత తొందరగా చెడదు, ప్రోటీన్ చెడుతుంది, కాబట్టి మరిగించాక కూడా సిగ్నల్ అలాగే ఉంటే అనుమానించండి. ఎల్‌పీఎస్‌ని పట్టేసే పాలిమిక్సిన్-బి కలిపితే సిగ్నల్ పడిపోతుందా చూడండి, ప్రోటీన్‌ని ప్రొటీనేజ్-కే ఎంజైమ్‌తో కోసి చూడండి, ఎల్‌పీఎస్ ఎంతుందో చెప్పే ఎల్ఏఎల్ టెస్ట్ చేయించండి. ఈ కంట్రోల్స్ లేకుండా ఎంత అందమైన స్ట్రక్చర్ పక్కన పెట్టినా ఆ డేటాని నేను నమ్మను, వైవాలో ఎగ్జామినర్ కూడా నమ్మకూడదు.

ఎవరికి ఏది

ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు, కాలేజీలో కల్చర్ రూము లేదు అనేవాళ్ళు కుంగిపోనక్కర్లేదు. కానీ "ఫలానా ప్రోటీన్‌కి డాకింగ్ (మందు అణువు ఎలా అతుకుతుందో కంప్యూటర్ లెక్క) చేశాను, మైనస్ 9 వచ్చింది" రకం ప్రాజెక్టు చేయకండి, అలాంటివి ఇప్పటికే కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మన ప్రాంతానికి సంబంధించిన ప్రశ్న తీసుకోండి. ఫాల్సిపారమ్ మలేరియా క్రిమికి రిఫిన్లు అనే ప్రోటీన్ల కుటుంబం ఉంది, ఒక్కో క్రిమి జీనోమ్‌లోనే వందకు పైగా ఉంటాయి. వాటిలో కొన్ని మన ఇమ్యూన్ కణాల మీద ఉండే ఎల్ఐఎల్ఆర్‌బీ1 అనే బ్రేకు లాంటి రిసెప్టర్‌ని పట్టుకుని ఆ కణాల్ని ఆపేస్తాయి. అలా పట్టుకున్న జత క్రిస్టల్ 2020లో వచ్చింది. ఆ స్ట్రక్చర్‌లో తాకే చోటు గుర్తించి, మిగతా రిఫిన్లలో ఆ చోటు ఎన్నింటిలో నిలిచి ఉందో, ఆల్ఫాఫోల్డ్ జత అంచనాలు దానితో కలుస్తున్నాయో లేదో చూడండి. పట్టుకోవని ప్రయోగాల్లో తేలిన రిఫిన్లని కూడా కంట్రోల్‌గా పెట్టండి, అవి కూడా ఎక్కువ స్కోరు తెచ్చుకుంటే మీ పద్ధతి పనికిరాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇంటర్నెట్, ఓపిక, స్ట్రక్చర్లు చూసే కైమెరాఎక్స్ ప్రోగ్రామ్ ఉంటే చాలు.

కల్చర్ రూము, మంచి గైడ్ ఉన్నవాళ్ళు పైన చెప్పిన మ్యుటేషన్-రిపోర్టర్ దారి పట్టండి. బరంపురంలో ఉన్నవాళ్ళకి యూనివర్సిటీ, ఐసర్ రెండూ ఊళ్ళోనే ఉన్నాయి, భువనేశ్వర్‌లో ఐఎల్ఎస్, నైసర్ పరిశోధన సంస్థలు కొన్ని గంటల రైలు దూరం. వేసవి ఇంటర్న్‌షిప్‌కి ముందే రాసి పెట్టుకోండి. పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్ళకి విశాఖ కూడా అందుబాటులోనే ఉంది.

పీహెచ్‌డీకి వెళ్తున్నవాళ్ళ లెక్క వేరు. అక్కడ ఐదేళ్ళుంటాయి కాబట్టి క్రయో-ఈఎమ్ నేర్చుకోవడం తెలివైన పనే, ఇమ్యూన్ సిగ్నలింగ్‌లో ఇప్పుడు ఆసక్తికరమైన ప్రశ్నలు చాలావరకు పెద్ద గుత్తుల గురించే, ఇన్‌ఫ్లమసోమ్‌లు, స్టింగ్ వరసలు, రిసెప్టర్-జాక్ జతలు. అయితే ల్యాబ్ ఎంచుకునేటప్పుడు "మీ దగ్గర ఏ మైక్రోస్కోప్ ఉంది" అని అడక్కండి. "ఈ ప్రోటీన్ ఇక్కడ ఎవరు తీస్తున్నారు, ఎంత వస్తోంది, ఎన్నాళ్ళు నిలుస్తోంది, ఫంక్షన్ కొలిచే అస్సే (పరీక్ష) ఏది" అని అడగండి. ప్రోటీన్ చేతిలో ఉన్న ల్యాబ్‌కి మెషీన్ ఎక్కడైనా దొరుకుతుంది.

ఏ ఫెసిలిటీకి, ఏ గైడ్‌కి మెయిల్ రాసినా సీవీ కన్నా ముందు ఈ నాలుగు విషయాలు ఒక పేరాలో పెట్టండి: ప్రోటీన్ సైజు ఎంత, ఒంటరిగా ఉంటుందా జతగానా, ఇప్పటికే పీడీబీలో దాని బంధువులు ఉన్నారా, సిగ్నల్ ఉన్నప్పుడు లేనప్పుడు తేడా మీరు ఎలా కొలుస్తారు. ఇంకా ప్రోటీన్ తీయకపోతే తీయలేదనే రాయండి, ఆల్ఫాఫోల్డ్ అంచనా జతచేసి ఏ భాగం నమ్ముతున్నారో, ఏ భాగం నమ్మట్లేదో రెండు వాక్యాల్లో చెప్పండి. పెద్ద ల్యాబులకి రోజూ బోలెడు మెయిళ్ళు వస్తాయి, ఆ రెండు వాక్యాలు ఉన్నదానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.